హెప్సిబా సంజాయిషీ

మా ఆఫీసులో వారం మొత్తానికి రాహుకాలం వేళలు కంఠతా వచ్చినవాళ్ళు ఇద్దరే. ఒకరు సెక్షన్ హెడ్ నరసింహారావు గారు. రెండో మనిషి హెప్సిబా. రేపల్లె లూథరన్ చర్చిలో పాస్టరుగా చేసిన పెద్దాయన మనవరాలు. పంచాంగం గడప తొక్కని ఇల్లు వాళ్ళది. అలాంటి మనిషి సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది, శనివారం తొమ్మిది నుంచి పదిన్నర అని గడగడా ఎలా అప్పజెప్పేదో తెలియాలంటే ముందు ఆమె చేసే పనేంటో చెప్పాలి.

నేను స్టోర్స్ గుమస్తాని. పేరు వెంకటరాఘవయ్య, ఊరు తెనాలి. సముద్రపు ఉప్పునీరు పొలాల్లోకి ఎంత దూరం వస్తోందో లెక్కలు కట్టే చిన్న పరిశోధనా సంస్థ బాపట్లలో ఉంది, అదే మా ఆఫీసు. ఇరవై తొమ్మిదేళ్ళుగా గుండుసూది నుంచి జనరేటర్ దాకా లోపలికొచ్చిన ప్రతి వస్తువూ నా చేతిమీదుగానే పోయింది. హెప్సిబా చూసుకునే కంప్యూటర్లు మాత్రం నేనొక్కటీ ఎరగను. అవి ముంబైలో ఎక్కడో అద్దెకి ఉంటాయట. కావాలన్నప్పుడు నలభై పుడతాయి, పనైపోగానే మాయమైపోతాయి. కంటికి కనపడని సామానుకి కాపలా ఏంటమ్మా అని ఏడిపించేవాణ్ణి. నవ్వడానికి కూడా ఆమెకి ఓపిక ఉండేది కాదు.

ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? తెల్లారకుండా లేచి, తల్లి పున్నమ్మకి వండిపెట్టి, రేపల్లెలో మొదటి బండి ఎక్కాలి. తెనాలిలో దిగి బాపట్ల వైపు పాసింజర్ పట్టుకోవాలి. నేను ఎక్కేది అక్కడే. చుండూరు రాకముందే ఆమె తల కిటికీ చువ్వకి ఆనేది. అప్పికట్ల దాటాక లేపడం నా డ్యూటీ. సాయంత్రం మళ్ళీ ఇదే వరస తిరగేసి. ఇలా తొమ్మిదేళ్ళు. ఉద్యోగం కాంట్రాక్టుది, పదకొండు నెలలకోసారి కొత్తగా కాగితం రావాలి. ఆ కాగితం వచ్చేదాకా ఆ పిల్ల మొహం చూడలేకపోయేవాణ్ణి.

మొదట్లో ఆ మెషిన్లన్నీ చేత్తోనే సిద్ధం చేసేది. ఒక్కోదాంట్లో ప్రోగ్రాములు ఎక్కించాలి, ఎవరికి ఏ తాళమో, అదే పాస్‌వర్డు, ఇవ్వాలి, సూర్యలంక తీరం నుంచి వచ్చే నీటి కొలతలు అందులోకి తేవాలి. ఒక్క మెషినుకి ఒక పూట. శిక్షణ తరగతులొస్తే నలభై కావాలి. ఆ రోజుల్లో ఆదివారం ఆరాధనలో కూర్చున్నా ఫోను మోగేది. ఆ బాధ పడలేక ఆమె సొంతంగా నేర్చుకుని, ఆ పనులన్నీ వరసగా ఒక ఫైల్లో రాసింది. స్క్రిప్టు అంటారు. పెళ్ళి వంటమేస్త్రి రాసిచ్చే చీటీ లాంటిదే, కాకపోతే చీటీ చదివి వంట కూడా అదే వండుతుంది. బటన్ నొక్కితే నలభై మెషిన్లూ ముప్పావుగంటలో తయారు.

అక్కడ వచ్చిపడింది రాహుకాలం. ఒకసారి పెద్దవాళ్ళ ముందు మెషిన్లు మొరాయిస్తే, నరసింహారావు గారు గడియారం చూసి ఇదే కారణమని తేల్చేశారు. ఆ వేళల్లో మొదలుపెట్టొద్దని హెప్సిబాకి చెప్పారు. ఆయన చెడ్డవాడు కాదు, కొత్త పెన్నుని కూడా మంచి గంట చూసి జేబులో పెట్టుకుంటాడంతే. పాపం ఆ పిల్ల వేళ దాటేదాకా కంప్యూటర్ ముందు కాచుకుని కూర్చునేది. రెండుసార్లు బండి తప్పిపోయాక, ఆ కాపలా కూడా స్క్రిప్టులోనే రాసేసింది. ఆ వేళ అయితే ఆగు, దాటాక మొదలుపెట్టు. ఏడు రోజులకీ ఏడు వరసలు.

ఆ సంగతి ఆమె ఆయనకి చెప్పినప్పుడు నేనూ ఆ గదిలోనే ఉన్నాను. ప్రింటర్ కాగితాల మీద సంతకం కోసం వెళ్ళాను. ఆయన ఎంత సంబరపడ్డారో. "ఇది ఎక్కడా రాయకమ్మా, పైవాళ్ళు నవ్విపోతారు" అన్నారు. నేను మాత్రం అప్పుడే నవ్వేశాను. ఇది జరిగి ఐదేళ్ళు.

ఈ ఏడాది కొత్త కాగితానికి బదులు వేరే కాగితం వచ్చింది. పని ఆటోమేటిక్ అయినందున ఈ పోస్టు అవసరం లేదు, నెలాఖరులోగా మొత్తం బయటి ఏజెన్సీకి అప్పగించవలెను. తన పని తేలికవ్వాలని రాసుకున్న స్క్రిప్టే తన కుర్చీ లాగేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క తాళమైనా బొడ్లో దోపుకోమని చెప్పాను, ఒక్కటి నీ దగ్గరుంటే వాళ్ళే కాళ్ళబేరానికి వస్తారన్నాను. ఆమె వినలేదు. అరవై పేజీలు రాసి అప్పగించింది.

నిజానికి ఆమెకి బాధకంటే నిమ్మళమే ఎక్కువ. తెనాలిలో ఒక కాలేజీవాళ్ళు కంప్యూటర్ ల్యాబ్ చూసుకోవడానికి రమ్మన్నారు. ఒకటో తారీఖున చేరాలి, తొమ్మిదేళ్ళు ఇక్కడ చేసినట్టు సర్టిఫికెట్ పట్టుకెళ్ళాలి. రెండు బళ్ళలో ఒకటి తగ్గుతుంది. రోజుకి రెండు గంటలు నిద్ర మిగులుతుంది బాబాయ్ అంది. జీతం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

నెలలో ఆఖరి గురువారం, మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి, ఏజెన్సీ ఇంజనీరు అజయ్ బాబు మొదటిసారి తన చేత్తో బటన్ నొక్కాడు. ఎదురుగా డైరెక్టర్ భరద్వాజ గారు, బయటి ఊళ్ళ నుంచి శిక్షణకొచ్చిన నలభై మంది. ఒక్క మెషినూ లేవలేదు. తప్పు జరిగిందని ఎర్రక్షరాలైనా రాలేదు, ఊరికే ఆగిపోయి ఉంది. అజయ్ బాబు చెమటలు తుడుచుకుంటున్నాడు. పక్కనే నిలబడ్డ హెప్సిబాకి కూడా ఏమీ తోచలేదు. ఇన్నాళ్ళూ బటన్ నొక్కి బండికి పరిగెత్తడమే గానీ ఆగి చూసింది లేదు, ఐదేళ్ళ కిందటి ఆ ఏడు వరసలు ఆమెకి గుర్తే లేవు. నిద్రలేని మనిషికి ఏం గుర్తుంటుంది? జనం విసుగెత్తి టీలకి లేచిపోయారు. సరిగ్గా మూడింటికి, ఎవరూ ముట్టుకోకుండా, నలభై మెషిన్లూ వాటంతటవే లేవడం మొదలుపెట్టాయి.

గురువారం రాహుకాలం ఒకటిన్నర నుంచి మూడు. అది చూశాక గానీ ఆమెకి తట్టలేదు. ఈలోపు అజయ్ బాబు ఆ వరసలు పట్టుకున్నాడు. వాటికి పేరు లేదు, వివరం లేదు, అంకెలు తప్ప. ఉద్యోగం పోతోందని ఎవరో కావాలని పెట్టారు సార్, అన్నాడు. ఆ గదిలో నరసింహారావు గారు కూడా ఉన్నారు. ఆయన ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు మెమో. సంజాయిషీ ఇచ్చేదాకా సర్టిఫికెట్ ఆపేశారు. నరసింహారావు గారు ఆమెని విడిగా పిలిచి, నాలుగు నెలల్లో రిటైరవుతున్నానమ్మా, ఈ వయసులో డైరెక్టర్ ముందు చాదస్తుడు అనిపించుకోలేను అన్నారట. బతిమాలినట్టే అన్నారట. ఈ మాట ఆమె రైల్లో చెప్పింది. జరిగింది జరిగినట్టు రాయమన్నాను. "ఆయన లేదంటే నా మాట ఎవరు నమ్ముతారు బాబాయ్?" అంది. నేనున్నానుగా అనాలి అక్కడ. బండి నిడుబ్రోలులో ఆగింది, నేను సమోసాలు కొన్నాను.

శనివారం డైరెక్టర్ గారు నన్నే పిలిచారు. మీరు పాతవాళ్ళు, ఆ అమ్మాయికి ఆ పని ఎవరైనా చెప్పడం విన్నారా అని అడిగారు. తలుపు దగ్గర నరసింహారావు గారు ఏదో ఫైలు వెతుక్కుంటున్నారు. నాకు పోయేదేమీ లేదు. పిల్లల పెళ్ళిళ్ళయిపోయాయి, సర్వీసు రెండేళ్ళుంది, నన్నెవరూ ఏమీ చెయ్యలేరు. భయపడటానికి కారణమంటూ లేదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా పెద్దవాళ్ళ గదిలో నోరు మూసుకున్న అలవాటు, అంతే. "గుర్తు లేదండి" అన్నాను.

సోమవారం హెప్సిబా సంజాయిషీ రాసి, కవరు కోసం స్టోర్స్‌కి వచ్చింది. నాలుగే వాక్యాలు. మెషిన్లు ఆగడానికి కారణం నేను స్క్రిప్టులో రాసిన రాహుకాలం షరతు. రాహుకాలం మీద నాకున్న వ్యక్తిగత విశ్వాసం కొద్దీ, ఎవరినీ అడగకుండా నేనే రాశాను. సంస్థకి నష్టం చేసే ఉద్దేశం లేదు. క్షమించగలరు.

పాస్టరు గారి మనవరాలు కింద సంతకం పెట్టింది. విశ్వాసం అన్న మాట దగ్గర కొట్టేసి మళ్ళీ రాసిన గుర్తు ఉంది. మా అమ్మకి తెలిస్తే నా చేత్తో అన్నం తినదు, అని మాత్రం అంది. అయినా కవరు ఇచ్చాను.

డైరెక్టర్ గారు అది చదివి, పైన హెప్సిబా అన్న పేరు చూసి నవ్వారట. ఇంత చదువుకుని ఇదేం పిచ్చమ్మా అని, సర్టిఫికెట్ ఇచ్చేయమన్నారట. మంగళవారం, ఆఖరి రోజు, నరసింహారావు గారు దాని మీద సంతకం పెట్టారు. ఆ సంజాయిషీ ఆమె ఫైల్లోనే ఉంటుంది.

ఆ సాయంత్రం బండిలో జనం తక్కువ. ఆమె సర్టిఫికెట్ ఉన్న కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చుండూరు దాకా పడుకోలేదు. తర్వాత, బయటికే చూస్తూ అంది:

"ఆ రోజు మీరు గదిలో ఉన్నారని నాకు గుర్తే బాబాయ్. సాక్ష్యానికి రమ్మని మిమ్మల్ని కావాలనే అడగలేదు. అడిగితే ఎక్కడ లేదంటారో అని భయమేసింది. తొమ్మిదేళ్ళు ఈ బండిలో మిమ్మల్ని నమ్మి పడుకున్నానండి. ఆ ఒక్కటీ పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది."

ఆ మాట అని కళ్ళు మూసుకుంది. పది నిమిషాలైనా పడుకోలేదేమో, తెనాలి వచ్చింది. లేపాను. రేపల్లె బండి ఐదో నంబరు మీద ఉందని చెప్పి, ఆమె బ్యాగు అందించాను. నన్ను అప్పటికే అడిగారనీ, నేను లేదనేశాననీ మాత్రం చెప్పలేదు.