మీగడ తెచ్చిన చుట్టాలు

మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఒక పెద్దమనిషి కాలి బొటనవేలికి ఎసరు పెట్టినవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. కత్తి పట్టలేదు, కర్ర పట్టలేదు. నా చేతిలో ఉన్నది స్టీలు గ్లాసే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను, నవ్వుకోండి. నవ్వడానికైనా నలుగురు దొరికితే చాలనుకునే రకాన్ని నేను. అసలు తంటా అంతా ఆ రకంతోనే వచ్చింది.

అప్పట్లో నన్ను పలమనేరులో పాలు చల్లబరిచే కేంద్రానికి గుమస్తాగా వేశారు. తిరుపతిలో మా ఇల్లు పొద్దున స్నానాల గది ముందు జనం వరస కట్టే ఇల్లు. అక్కణ్ణుంచి వచ్చి ఒంటిగది అద్దెకొంపలో పడ్డాను. ఊరు చల్లన, ఉద్యోగం చల్లన, ఇల్లు మరీ చల్లన. ఆశకొద్దీ కుర్చీలు రెండు కొన్నాను. ఒకదాంట్లో నేను కూర్చునేవాణ్ణి, రెండోదాంట్లో ఉతికిన బట్టలు కూర్చునేవి. సాయంత్రం అమ్మ ఫోన్ చేసి "తింటివా?" అనేది. "తింటిని" అనేవాణ్ణి. దాంతో ఆ రోజుకు నా సంభాషణ సమాప్తం.

అలాంటి రోజుల్లో ఒక తెల్లకుక్క నా అరుగెక్కింది. పెరుగన్నం పెట్టాను. ఉద్యోగధర్మం కొద్దీ మీగడ అని పేరు పెట్టాను. ఎర్రపట్టీ కొని మెడకు కట్టాను. పట్టీ కట్టామంటే ఆ కుక్క మనదని వీధి వీధంతా చాటినట్టే కదా. గొలుసు మాత్రం కొనలేదు. ఎవరైనా అడిగితే, మూగజీవికి స్వేచ్ఛ ఉండాలంటూ ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉంచుకున్నాను. దాన్ని పట్టుకుని తిరిగే ఓపిక లేదన్న చిన్న విషయం ఆ ఉపన్యాసంలో ఉండేది కాదు.

మీగడ దగ్గర ఒక కళ ఉండేది. గడపల బయట విడిచిన చెప్పుల్లోంచి ఒక్కటి, జతలో సరిగ్గా ఒక్కటే, నోట కరుచుకొచ్చి నా అరుగు మీద పెట్టేది. కొరికేది కాదు, చింపేది కాదు. దానం ఇచ్చినట్టు పెట్టి, తోక ఊపేది.

చెప్పు వెతుక్కుంటూ మొదట వచ్చినావిడ ఎదురింటి జయమ్మ, బట్టలు కుట్టే ఆమె. వస్తూనే నన్ను ఉతికి ఆరేసింది. "కుక్కను సాకితే సాలదప్పా, కట్టేసుకోవల్ల" అంది. తప్పయిందన్నాను, కాఫీ తాగి వెళ్లమన్నాను, కుర్చీలో బట్టల్ని మంచం మీదకు విసిరాను. ఆమె కూర్చుంది. ఏ ఊరు, ఎవరి బిడ్డవు, వంట ఎవరు చేస్తారు అని అడుగుతూ తిట్టడం మరిచిపోయింది. ఆమె వెళ్లాక కూడా గది కాసేపు వెచ్చగా ఉంది. ఆ సంబరంలో మీగడకు ఒక బిస్కెట్ వేశాను.

కొంప ముంచింది ఆ బిస్కెట్టే. చెప్పుకొక బిస్కెట్ అని కుక్కకు అర్థమైపోయింది. చెప్పుకొక చుట్టం అని నాకు అర్థమైపోయింది.

ఇక చూడండి నా వైభవం. మంచి కాఫీపొడి తెప్పించాను. వచ్చిన చెప్పుల్ని దుమ్ము తుడిచి, పేరంటంలో తాంబూలాలు సర్దినట్టు అరుగు మీద వరసగా పెట్టేవాణ్ణి. జనం కోపంగా వచ్చేవారు, కాఫీ తాగేవారు, కుక్కను కట్టేయమని చెప్పి చల్లబడి వెళ్లేవారు. అలాగేనండీ అని నేనూ భక్తిగా తలూపేవాణ్ణి. కట్టేస్తే మళ్లీ వస్తారా వాళ్లు?

మా వీధిలో నా కాఫీ రుచి చూడని మనిషి మునిరత్నం ఒక్కడే. వీధి చివరింట్లో ఉండే, బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన ఆయన. సాయంత్రమైతే ఆయన వాకిట్లో జనం చేరేవారు, ఘాట్ రోడ్డు కథలు వినడానికి. నేనూ ఆఫీసు నుంచి వస్తూ అక్కడికి రాగానే నడక తగ్గించేవాణ్ణి. ఆగేంత చొరవ మాత్రం నాకు లేదు. ఆయన చెప్పులేమో మీగడకు దొరికేవి కావు. షుగరుతో పాదాలకు స్పర్శ పోయిందని డాక్టరు రాసిచ్చిన మెత్తటి నల్లచెప్పులు అవి. ఇంట్లో కూడా వేసుకునే తిరిగేవాడు.

ఒక ఆదివారం పొద్దున, ఆయన స్నానానికి పోతూ పెరట్లో విడిచినట్టున్నాడు, ఒక నల్లచెప్పు నా అరుగు మీద ప్రత్యక్షమైంది.

బుద్ధున్నవాడు ఏం చేస్తాడు? చెప్పు పట్టుకుని వీధి చివరికి పరుగెత్తుతాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. డికాషన్ దించాను. చెప్పును పీట మీద పెట్టుకుని, ఆయన వస్తాడని ఎదురు చూస్తూ కూర్చున్నాను.

కాలువ పని కోసం వీధిలో కంకర తోలి ఉన్నారు. ఆ కంకర మీదుగా మునిరత్నం వట్టికాళ్లతో వచ్చాడు.

"ఆ మీగడ నీ కుక్కేనా అప్పా?"

"నాదే సార్. లోపలికి రండి, కాఫీ తాగి వెళ్దురు."

"నీ కాఫీ సంగతి యిన్నాలే. సక్కెర మాత్రం ఎయ్యొద్దు."

కూర్చున్నాడు. కాఫీ బాగుందన్నాడు. బ్రేకు పట్టని బస్సును మలుపులో ఎలా నిలబెట్టాడో, గాల్లో స్టీరింగు తిప్పి మరీ చూపించాడు. పొట్ట పట్టుకుని నవ్వాను. పలమనేరు వచ్చాక నేను అంతగా నవ్వింది అదే మొదలు. ఇంకో గ్లాసు పోయబోయి కిందికి చూశాను. నేల ఎర్రగా ఉంది.

"సార్, మీ కాలు."

ఆయన వంగి చూసుకున్నాడు. బొటనవేలి కింద గాజుపెంకు దిగి ఉంది. "ఇదెప్పుడు గుచ్చుకునిందో. నాకు తెలీనే లేదే" అన్నాడు, ఇంకెవరి కాలో చూస్తున్నట్టు.

స్కూటర్ మీద ఆసుపత్రికి తీసుకెళ్లాను. షుగరు మనిషికి ఇలాంటి గాయం మానడం కష్టమని, చీము పడితే వేలు తీసేయాల్సి రావచ్చని డాక్టరు చెప్పాడు. వెనకే వచ్చిన ఆయన భార్య రుక్కమ్మ నన్ను ఒక్కటే అడిగింది. "పెండ్లాం బిడ్డలు లేనోడివి, సరే. ఒగ గొలుసు గూడా లేదా నీకు?"



ఆ రోజే గొలుసు కొన్నాను. మీగడ నన్ను ద్రోహిని చూసినట్టు చూసింది. అరుగు మీదకు చెప్పులు రావడం ఆగింది, గుమ్మంలోకి మనుషులు రావడమూ ఆగింది. రోజూ పొద్దున మునిరత్నాన్ని కట్టు మార్పించడానికి తీసుకెళ్లే పని మాత్రం నాకు మిగిలింది. ఆయన వెనక కూర్చుని, గేరు మార్చమని, హారన్ కొట్టమని నన్ను నడిపేవాడు. నేను చెప్పినట్టల్లా హారన్ కొట్టేవాణ్ణి. నర్సు కట్టు విప్పినప్పుడల్లా ఆ వేలి రంగు చూసి నా రంగు మారేది.

చివరికి, కొత్తచర్మం వస్తోంది, ఇక వేలికి భయం లేదని డాక్టరు చెప్పిన రోజున, బయట బెంచీ మీద నేను ఆగలేకపోయాను. బిస్కెట్ల సంగతి, ఇస్త్రీ చొక్కా సంగతి, చెప్పు ఎవరిదో తెలిసీ కదలకుండా కూర్చున్న సంగతి, మొత్తం కక్కేశాను.

"అంటే కుక్కను కావాలనే ఇడిసిపెట్టినావా?"

"అవును సార్."

"యాలప్పా?"

"ఎవరో ఒకరు ఇంటికి వస్తారని."

ఆయన కట్టు కట్టిన కాలును అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. అదే కాలితో తంతాడేమోనని నేను కాస్త జరిగాను.

"ఒంటిగా ఉండాను, రాండి సార్ అని ఒగ మాట సెప్పింటే," అన్నాడు, "సెప్పులేసుకోనే వచ్చింటా గదప్పా."

అందుచేత పాఠక మహాశయులారా, పలమనేరు కంకర సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నా కుక్క ఏ వీధి తిరిగినా, దాని గొలుసు రెండో కొసన నేనుంటాను. మనుషులు కావలసి వస్తే నా కాళ్లతో, నా చెప్పులతో, నేనే వెళ్లి పిలుచుకుంటాను. ఆ పని మీద ఇక ఎన్నడూ కుక్కను పంపను.