గుమ్మానికి వేపమండ

మా హాస్టల్లో కింది అంతస్తు చివరి గదిలో విరిగిన మంచాలు పడేసేవారు. పీజీ రెండో ఏడు నా ఒంటి మీద ఆటలమ్మ పొక్కులు తేలగానే ఆ మంచాల్ని వరండాలోకి లాగి, నన్ను ఆ గదిలోకి మార్చారు. రాజాంలో మా ఇంటికి పోదామంటే వదినకు నెలల బిడ్డ. "ఇప్పుడు రావద్దే తల్లీ" అని ఫోనులో అమ్మే అంది. కోపం వచ్చింది. నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఆ రోజు మాత్రం కారణముంది, ఒళ్లంతా దురద.

తలుపు మీద "అంటువ్యాధి" అని కాగితం అంటించమంటే వార్డెన్ మేడమ్ ఒప్పుకోలేదు. పిల్లలు బెదిరిపోయి ఊళ్లకు బస్సెక్కేస్తారట. అయితే గుమ్మానికి వేపమండ కట్టండి, చూసినవాళ్లు దూరంగా ఉంటారు అన్నాను. అలాగే కట్టించారు. ఆ తెలివి నాదే. మా వీధిలో వేపమండ కనిపించిన ఇంటి గడప ఎవరూ తొక్కరు మరి.

మూడో రోజు పొద్దున్న తలుపు తోసుకుని, హాస్టల్ ఊడ్చే అక్క వచ్చింది. ఆమెది సముద్రం ఒడ్డు ఊరు, వేటకెళ్లే కుటుంబం. పెళ్లైన తొమ్మిదేళ్లకు నెల తప్పింది. అప్పుడు నాలుగో నెల. ఆ సంగతి తెలియని పిల్ల హాస్టల్లో లేదు. వాళ్ల ఊళ్లో వేపమండ కట్టిన గుమ్మాన్ని దణ్ణం పెట్టకుండా దాటరని నాకేం తెలుసు? చెంబుతో పసుపునీళ్లు తెచ్చింది. నేను లేచేలోపే నా కాళ్ల మీద పోసి, పాదాలు రెండూ పట్టుకుంది.

"తల్లీ, నా కడుపు సల్లగా సూడు."

"పో! ఎల్లిపో ఇక్కణ్ణించి!" అని అరిచి కాళ్లు లాక్కున్నాను. చెంబు దొర్లిపోయింది. కడుపుతో ఉన్నవాళ్లకు ఇది సోకితే తల్లికీ బిడ్డకీ ప్రమాదమని డాక్టరు మొన్ననే చెప్పారు. నాకు భయమేసి అరిచాను. కానీ అరుపులో భయం వినబడదు కదా. ఆమె మొహం పాలిపోయింది. తలుపు కూడా వేయకుండా వెళ్లిపోయింది.

"నోరా, వీపుకు తేకే" అని అమ్మ నన్ను ఊరికే అనేది కాదు. ఈసారి నా నోరు ఇంకొకరి ప్రాణం మీదికి తెచ్చింది.

నేను చెప్పగానే వార్డెన్ డాక్టర్నడిగితే, ఆయన ఒక్కటే ప్రశ్న వేశారు. చిన్నప్పుడు ఆమెకు ఆటలమ్మ పోసిందా? పోసుంటే పెద్దగా భయం లేదు. తెలియకపోతే వెంటనే రక్తపరీక్ష చేయించాలి, అవసరమైతే సూది వేయాలి. ఆలస్యమైతే ఆ సూదీ పనిచేయదు. వార్డెన్ అడిగితే ఆమెకేమో గుర్తులేదు. పెంచిన అవ్వ ఎప్పుడో పోయింది. మర్నాడు ఆమె పనికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వార్డెన్ ఫోన్ చేస్తే ఆమె భర్త ఎత్తాడు.

"అమ్మోరు పొమ్మన్నాదంటండి. అన్నం ముట్టడం నేదు. ఆసుపత్రికి రాయే అంటే, అమ్మోరికి ఇంకా కోపం వస్తాదంటాది."

వార్డెన్ కిటికీ అవతల నిలబడి ఆ మాటలు చెబుతుంటే నాకు దురద కూడా తెలియలేదు. నేను మాట్లాడతానని నంబరు తీసుకున్నాను.

మొదట చదువుకున్న పిల్లలాగే మాట్లాడాను. వైరస్ అన్నాను, రక్తపరీక్ష అన్నాను, తప్పైపోయింది అక్కా అన్నాను. అవతల ఏడుపు ఇంకా ఎక్కువైంది. గడిచే ప్రతి రోజూ కడుపులో బిడ్డ ప్రాణం మీదికే. నా కోపం తన్నుకొచ్చింది. ఈసారి ఆపలేదు. మా వీధిలో అమ్మవారి పండగకు పూనకం వచ్చే ముసలమ్మ ఎలా గద్దించేదో అలాగే గొంతు పెంచాను.

"ఏటే, నా మాట ఇనవా? మూల కూకొని ఏడిస్తే నేను సూడను. ఆసుపత్రికి ఎల్లు. రగతం ఇయ్యి. డాక్టరమ్మ సెప్పినట్టు సెయ్యి. అప్పుడు నీ కడుపు నేను సూసుకుంటాను."

ఏడుపు ఆగింది. "ఎల్తాను తల్లీ" అంది.

ఫోన్ పెట్టేశాక సిగ్గుతో చచ్చిపోయాను. నేను చదివేది సైన్సు. పరీక్ష కాగితం రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ పొక్కుల సంగతి మరిచి ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ఆమే చేసింది. "సిన్నప్పుడే నాకు పోసీసినాదంట తల్లీ. రగతంలో తెలిసిందంట. సూది అక్కర్నేదన్నారు."

కళ్లనీళ్లు పొక్కుల మీద పడి మండాయి.

"ఇంకా కోపం ఉన్నాదా తల్లీ?" అని భయంభయంగా అడిగింది.

"నేదక్కా" అనబోయాను. అక్కా అంటే మాట్లాడేది అమ్మవారు కాదని బెంగ పెట్టుకుంటుందేమో. నాకన్నా పదేళ్లు పెద్దది.

"నేదే" అన్నాను. ఆమెకు పురుడు వచ్చేదాకా మళ్లీ అక్కా అని పిలవడానికి నాకు ధైర్యం చాలలేదు.