పెట్టె మీది పేర్లు

గౌరిబిదనూరులో మా చిన్నాన్నకు ఖరీదైన స్పీకర్ల అంగడి ఉండేది. ఎవరొచ్చినా ఆయన స్పీకరు మీద అరచెయ్యి ఆనించి, ‘సిగ్నేచర్’, ‘రిఫరెన్స్’, ‘లెజెండ్’ అంటూ వాటి పేర్లను బిరుదులు చదివినట్టు నెమ్మదిగా చదివేవాడు. అర్థం అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

ఒకరోజు తొండేభావి నుంచి ఒకామె వచ్చింది. చనిపోయిన భర్త పాడిన భజన ఆమె ఫోనులో ఉంది. దాన్ని ఇంట్లో వినడానికి స్పీకరు కావాలంది. చిన్నాన్న ‘లెజెండ్’ మీద చెయ్యి వేశాడు గానీ, ఆ పాట మొదలయ్యాక తీసేశాడు.

“ఇవన్నీ కంపెనీవాళ్లు అమ్ముకునేకి పెట్టిండే పేర్లమ్మా. ఫోన్లో పట్టిన పాటకి ఈ చిన్నదే సాలు,” అన్నాడు. ఆయన అలా అనగా నేనెప్పుడూ వినలేదు.

ఆమె రెండింటిలోనూ విన్నది. పెద్ద తేడా లేదని ఒప్పుకుంది.

“అయినా పెద్దదే ఇయ్యప్పా. మా ఇంటాయన యా పొద్దూ భజనలో వెనక వరసలోనే కూసుంటాండె. ఒగరూ ముందరికి రమ్మన్లేదు.”

చిన్నాన్న పెద్ద స్పీకరును తానే మోసుకెళ్లి, ఆటోలో ఆమె పక్కన సీటు మీద కూర్చోబెట్టాడు.