నీళ్లు కలపని మేనమామ

నా మేనకోడలి పెళ్లిరోజున, ఆమెను చర్చికి తీసుకెళ్లాల్సిన కారు తాళం నా చేతిలోంచి లాక్కున్నారు. మేనమామనైన నేను ఎదురుగా నిలబడి ఉండగానే పెళ్లికూతురు ఆటోలో పోయింది. ఎందుకని అడిగితే ఒక్కరంటే ఒక్కరు నమ్మదగ్గ జవాబు చెప్పలేదు.

జరిగిన అన్యాయం ఇది. ఇక దాని పుట్టుపూర్వోత్తరాలు వినండి. ముందే హెచ్చరిస్తున్నాను: ఇందులో ఒక కారు వన్నె తప్పుతుంది, ఒక వీధికి వీధే నీళ్లకు కటకటపడుతుంది, ఒక పెద్దమనిషి పరువు నడిబజారులో ఆరేసిన బట్ట అవుతుంది. ఆ పెద్దమనిషిని నేనే. నవ్వొస్తే నవ్వుకోండి, అక్కడున్నవాళ్లకు ఆపుకోవడమే కష్టమైంది.

అప్పటికి కోలారు బంగారు గనులు మూతపడి చాలా ఏళ్లయింది. గనిలో ఫిట్టరుగా చేసిన నేను, మూతపడ్డాక కేజీఎఫ్ లోనే మా పాత క్వార్టర్సులో ఉండిపోయాను. నాకు బడి చదువు లేదు. గోడమీది నోటీసులు, మందుసీసాల చీటీలు, పకోడీలు కట్టిచ్చిన కాగితాలు చదివి చదువుకున్నవాణ్ణి. అలా చదువుకున్నవాడికి ఒక లాభం ఉంది. అచ్చులో ఉన్నదల్లా నిజమని నమ్మడు. పకోడీ కాగితంలో ఎన్ని అబద్ధాలు చదివానో నాకు తెలుసు.

నా చెల్లెలు ఎస్తేరును కోలారు పక్కనున్న తమక ఊళ్లో ఇచ్చాం. ఆమె కూతురు సుగుణ పెళ్లి కుదిరింది. పూర్వం మా వాళ్లలో పెళ్లికూతుర్ని మేనమామ గంపలో ఎత్తుకొచ్చేవాడు. మేం చర్చివాళ్లమయ్యాక గంప పోయింది, మేనమామ మిగిలాడు. గంప బదులు కారు. తలుపు తీసి పెళ్లికూతుర్ని కూర్చోబెట్టి, చర్చి గడప దాకా తోలుకెళ్లేది మేనమామే. సుగుణకు మేనమామను నేనొక్కణ్ణే. ఆమె పుట్టిన రోజు నుంచి నేను కాచుక్కూర్చున్న ఉద్యోగం అది.

మా బావ ప్రకాశానికి వాళ్ల నాయన నాటి అంబాసడర్ ఒకటి ఉంది. తెల్ల కారు, లోపల మెరూన్ రంగు గుడ్డ కుట్టించిన సీట్లు. పెళ్లి దగ్గర పడేసరికి, "సర్వీసుకు ఇచ్చి కడిగిస్తాను బావా" అన్నాడు.

"సర్వీసుకా? నీకేమన్నా మతి ఉండాదా?" అన్నాను. "పొద్దున బండి ఇస్తే మాయిటాలకు స్టెప్నీ టైరు మారిపోతుంది. బాటరీలో నీళ్లు కూడా వదలరు. బండి నాకియ్యి. కేజీఎఫ్ తీస్కపోయి నేనే కడిగి, పెండ్లి పొద్దున నేనే తెస్తాను."

"నీకెందుకు బావా శ్రమ?"

"మేనమామకు శ్రమేందప్పా!"

బండి తెచ్చి మా ఇంటి ముందు వేపచెట్టు పక్కన పెట్టాను. నీడలో కాదు, ఎండలో. నీడలో పెడితే చెట్టుమీది కాకులు ఏం చేస్తాయో చెప్పలేం. కాకులను కూడా నేను నమ్మను.

మా ఊరి బజారు రాబర్ట్‌సన్‌పేటలో కారు సామాన్ల అంగడికి పోయాను. అక్కడివాడు మురికి కడిగే పచ్చటి మందున్న డబ్బా ఒకటి ముందు పెట్టాడు. టైర్లకు, సీట్లకు, ఇంజనుకు, ఇంట్లో సోఫాకు, వంటింటి జిడ్డుకు అన్నింటికీ అదొక్కటే చాలట. తలనొప్పికీ కాలు బెణుకుకూ ఒకే మాత్ర ఇచ్చే డాక్టరు గుర్తొచ్చాడు నాకు. సగం అనుమానం అక్కడే పుట్టింది. మిగతా సగం వాడే పుట్టించాడు.

"గట్టి మందన్నా ఇది. బకెట్టు నీళ్లకు ఒక మూత. అంతే. అట్లే పోసేవు, జాగ్రత్త."

"నీళ్లు నేను కలపాలనా?"

"అవునన్నా. కలిపే వాడాల."

"మీరు ముందే కలపలేదని ఏం నమ్మకం?"

"అయ్యో, సీలు చూడన్నా."

"సీలు వేసేదెవరు?"

"కంపెనీవాళ్లు."

"నీళ్లు కలిపేదీ వాళ్లే అయితే?"

"నేనేం చెప్పేదన్నా ఇంగ? కావాలంటే తీస్కో, లేకుంటే పెట్టేసి పో."

చూశారా! చేతకానివాడు మాట తెంచుకునే పద్ధతి అది.

నా అనుమానం ఊరికే పుట్టింది కాదు. మా ఊళ్లో పాలు చుట్టుపక్కల పల్లెల నుంచి వస్తాయి. చిన్నప్పటి నుంచీ పాలచుక్క గోటిమీద వేసి, జారుతుందా నిలుస్తుందా అని చూసి చెంబు పట్టినవాణ్ణి. పాలు పోసే అమ్మ నన్ను చూస్తే వీధి తిరిగిపోయేది. అలాంటివాడికి ఎదురొచ్చి "ఒక మూత సరుకు, బకెట్టు నీళ్లు, మీ చేతుల్తో మీరే కలుపుకోండి" అంటే ఎలా ఉంటుంది? పాలామె కూడా అంత ధైర్యం చేయలేదు! నా లెక్క ఇలా సాగింది: వీళ్లు ముందే నీళ్లు కలిపారు. మనచేత మళ్లీ కలిపిస్తున్నారు. మురికి పోలేదని రేపు నేను వెళ్లి అడిగితే, "నీళ్లు ఎక్కువ కలిపినావన్నా" అని తప్పు నామీదికి తోస్తారు. ఎంత ముందుచూపు! నేను మాత్రం దొరకదలుచుకోలేదు.

ఇంటికొచ్చి డబ్బా మూత తీశాను. నా భార్య మార్తమ్మ గడపలో బియ్యం ఏరుకుంటోంది.

"బకెట్లో నీళ్లు పెట్టేదా?"

"అక్కర్లేదు."

"డబ్బామీద నీళ్లు కలపమని రాసుండాది కదయ్యా? బకెట్టు బొమ్మ కూడా వేసినారే."

"రాసినోడు మన చుట్టమా?"

"చుట్టమైతే మాత్రం నమ్మతావా నువ్వు!" అని ఆమె మళ్లీ బియ్యంలోకి తలవంచింది.

ఎండకు పెనంలా కాలుతున్న బానెట్ మీద మందు అట్లే పోశాను. సుయ్యిమంది. ఆ శబ్దానికి నాకు సంతోషమైంది, మురికి చస్తోందనుకున్నాను. సీట్ల మీద ఇంకా ఉదారంగా, దోసెపిండి వేసినట్టు గుడ్డ నిండా పరిచి, బ్రష్షుతో రుద్దాను. గుడ్డతో తుడిస్తే, అబ్బ, ఎంత ఎరుపు! పిండేకొద్దీ ఎర్రటి నీళ్లు.

"మార్తా, ఇట్రా! తమక మట్టి చూడు ఎట్ల దిగతా ఉండాదో. ఎన్నేండ్ల దుమ్ము! ఈ బండిని ఈ ప్రకాశం ఒక్కనాడన్నా కడిగినాడా అని?"

ఆమె వచ్చి చూసింది. "మట్టి ఇంత ఎర్రగా ఉంటాదా?"

"తమకలో ఉంటాది. నీకేం తెలుసు?"

పాపం, ఆమె ఏదో చెప్పబోయింది. నేను చెప్పనివ్వలేదు.

ఇక కడగడం మొదలుపెట్టాను. ఒక చెంబు పోస్తే రెండు చెంబుల నురగ. రెండు పోస్తే బిందెడు. కారు కనపడడం మానేసింది. నురగ మెట్లు దిగి, కాలువ దాటి, పక్కింటి ముగ్గుమీదికి పోయింది. మా వీధిలో కొళాయి ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక, వచ్చిన రోజు అందరూ డ్రమ్ములు నింపుకుని దాచుకుంటారు. మా డ్రమ్ము అయిపోయింది. పక్కింటి ఆమెను అడిగాను, ఇచ్చింది. ఎదురింట్లో అడిగాను, మొహం మాడ్చుకుని ఇచ్చారు. ఆపైన అడగకముందే వీధంతా తలుపులు వేసుకున్నారు.

పక్కింటి ఆమె తమిళావిడ, మాతో తెలుగే మాట్లాడుతుంది. గోడమీంచి తొంగి చూసి, "ఏమన్నా, మందులో కొంచెం నీళ్లు కలిపుంటే ఇన్ని నీళ్లు పట్టవు కదా?" అంది.

చూశారుగా ఎంత ఎగతాళో. అంగడివాడికీ ఆమెకూ ఏమన్నా చుట్టరికం ఉందేమోనని చాలా రోజులు ఆరా తీశాను. తేలలేదు.

నురగ దిగాక కారు బయటపడింది. బానెట్ నిండా బొల్లి వచ్చినట్టు పాలిపోయిన చారలు. నల్లగా నిగనిగలాడాల్సిన రబ్బర్లు బూడిద పూసుకున్నట్టయ్యాయి. నేను చూసి, "లోపల పాత పెయింటు ఇదే. మురికి కింద దాగుండె" అన్నాను. మార్తమ్మ ఖాళీ చెంబులు ఏరుకుని లోపలికి పోయింది. ఆమె మాట్లాడకపోతే నాకు అనుమానం ఎక్కువ.

పెళ్లి పొద్దున చారల మీద బంతిపూల దండలు, వాటిపైన రిబ్బన్లు కట్టేశాను. దండలు చాలని చోట బెలూన్లు. సీట్లు తాకి చూస్తే పైన ఆరినట్టే ఉన్నాయి. తెల్ల ప్యాంటు, తెల్ల కోటు తొడుక్కున్నాను. ఆ సూటు ఈ ఒక్క రోజు కోసమే కుట్టించింది. మార్తమ్మ ముందురోజే తమకకు వెళ్లి ఉంది. నేనొక్కణ్ణే, దొరలాగా, కోలారు రోడ్డెక్కాను. సీటు కొంచెం చెమ్మగా తగిలింది. ఎండాకాలం, ఉక్కపోత, చెమట అనుకున్నాను. నా చెమటనొక్కదాన్నే నేను అనుమానించలేదు.

మా చెల్లెలి ఇంటి ముందు వాకిలి నిండా జనం. సుగుణ తెల్లచీరలో, చేతిలో పూలతో నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వింది. "మామొచ్చినాడు!" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఇరవై నాలుగేళ్లు ఎదురుచూసిన గడియ.

కారు దిగాను. వెనక తలుపు తీశాను. సీటుమీద లేని దుమ్మును చేతిరుమాలుతో దులుపుదామని, జనానికి వీపు పెట్టి లోపలికి బాగా వంగాను. మర్యాద అన్నాక పూర్తిగా చేయాలి కదా.

వెనక ఎవరో దగ్గారు. దగ్గు కాదది. నేను లేచి తిరిగేసరికి మా చెల్లెలు కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. బావ గబగబా వచ్చి నా చేతిలోంచి తాళం లాక్కున్నాడు.

"బావా, ఈ బండి వద్దు."

"ఎందుకు?"

"బ్రేకు... బ్రేకు సద్దు చేస్తా ఉండాది."

"నేను ముప్పై కిలోమీటర్లు తోలుకొచ్చినాను. ఏం సద్దు?"

"పెట్రోలు లేదన్నా" అంది మా చెల్లెలు.

"నిండుగా ఉండాది!"

"ఎండకు ఇంజను కాగిపోయుంటాది" అంది నా భార్య. నా సొంత భార్య!

ఒక్క బండికి మూడు జబ్బులు, ముగ్గురి నోట. కుట్ర అనడానికి ఇంతకంటే సాక్ష్యం కావాలా? ఇంతలో ఎవరో ఆటోను పిలిచారు. సుగుణ ఎక్కింది. ఎక్కేముందు నా వైపు చూసి ఏదో అనబోయి, మూతి బిగించుకుని, పూలగుత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. పుట్టిల్లు వదిలే ఏడుపనుకున్నాను.

మార్తమ్మ ఎక్కడినుంచో శాలువా తెచ్చి, నా కోటుమీద నడుముకు చుట్టి ముడేసింది.

"ఏందే ఇది? ఎండాకాలంలో నడుముకు శాలువా?"

"ఉండనీ. గాలి తగలతాది."

"యాడుండాది గాలి?"

"సుమ్నే గమ్మున నడువయ్యా!"

చర్చిలో నన్ను చిట్టచివరి బెంచీలో, గోడకానుకుని కూర్చోబెట్టింది. పాట పాడడానికి అందరూ లేస్తే, నన్ను మాత్రం కోటు పట్టుకుని కూర్చోబెట్టింది. ఇంటికొచ్చాక నా సూటు ప్యాంటు కనపడలేదు.

"ప్యాంటు యాడుండాది?"

"చర్చిలో బీదోళ్లకని ఇచ్చేసినాను."

"ఒక్కపూట తొడిగిందా? కోటుంచుకుని ప్యాంటొక్కటే ఇచ్చినావా?"

"వాళ్లకు కోటు అక్కర్లేదన్నారు."

నమ్ముతారా మీరు? ఆ వారంలోనే బావ కారు సీటు గుడ్డలన్నీ పీకించి కొత్తవి వేయించాడు. ఎందుకని అడిగితే "రంగు నచ్చలేదు బావా" అన్నాడు. వాళ్ల నాయన కాలం నుంచి నచ్చిన రంగు నేను కడగగానే ఎలా నచ్చకుండా పోయింది? అందరికందరూ ఏదో దాస్తున్నారు. పండక్కి అడిగాను, పుట్టినరోజుకు అడిగాను, ఒకసారి ప్రార్థన మధ్యలో కూడా అడిగాను. నన్ను మేనమామగా ఎందుకు వద్దన్నారని. అందరూ ఆకాశంకేసి చూసేవాళ్లు.

కడకు పోయిన నెల సుగుణ మా ఇంటికి వచ్చింది. అన్నం తింటూ ఉంటే, ముద్ద పక్కన పెట్టి అడిగేశాను. "నేను పోయే లోపల చెప్తావా లేదా? ఆ పొద్దు నువ్వు నా బండి ఎందుకు ఎక్కలేదు?" ఆమె మార్తమ్మ వైపు చూసింది. మార్తమ్మ, "ఇంగ చెప్పేయమ్మా. ఆ పొద్దే చెప్పుంటే ఈయన పెండ్లి ఆపి, అంగడోని దగ్గరికి పంచాయితీకి పోయుండును" అంది.

జవాబు రాసేముందు, ఈ పాఠకలోకం ఎదుట, బుద్ధిపూర్వకంగా ఒక ప్రమాణం చేస్తున్నాను. డబ్బామీద బకెట్టు బొమ్మ ఉంటే బకెట్టు తెస్తాను. మూత అంటే మూత, చుక్క అంటే చుక్క. ఎదుటివాడు నన్ను మోసం చేసినా సరే, నీళ్లు కలిపే మోసపోతాను. మెరూన్ రంగు దేనిమీదా తెల్లబట్టతో కూర్చోను. ఆమేన్.

సుగుణ చెయ్యి కడుక్కుని వచ్చి, నా పక్కన కూర్చుని చెప్పిన జవాబు ఇది:

"మామా, నువ్వు తలుపు తీసి లోపలికి వంగినావు చూడు, నీ తెల్లప్యాంటు యనకాలంతా సీటు రంగు ఎర్రగా, గుండ్రంగా అచ్చు పడుండె. నేను కట్టుకోనుండింది తెల్లచీర. నువ్వు ముందు కూర్చోకుండా ఉంటే, ఆ అచ్చుతో నేను పోయి చర్చిలో నిలబడుందును. నిన్నెవరు వద్దన్నారు? ఆ పొద్దు మేనమామ చెయ్యాల్సింది నువ్వు చేసేసినావు మామా."