తేదీ లేని రాజీనామా

కరోనా తగ్గి ఆసుపత్రులు మళ్ళీ మామూలు రోగులతో నిండుతున్న ఏడాది అది. నందిగామలో నేను లేబర్ కన్సల్టెంట్‌గా పని మొదలుపెట్టి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ వృత్తి ఏమిటో చాలామందికి తెలియదు. మిల్లులు, షాపులు, ఆసుపత్రులు తమ సిబ్బంది కోసం చట్టప్రకారం ఉంచాల్సిన రిజిస్టర్లు, జీతాల పట్టీలు, పీఎఫ్ కాగితాలు మేం రాసిపెడతాం. యజమానికి చట్టం చెప్పడం మా పని. అయితే ఆయనకు నచ్చేలా చెప్పడం మెల్లగా అలవాటైపోతుంది.

ప్రతి మంగళవారం జగ్గయ్యపేట వెళ్ళేవాణ్ణి. అక్కడ ప్రసవాలకు పేరున్న ఒక నర్సింగ్ హోమ్ నా పాత పార్టీ, అంటే క్లయింటు. డాక్టరు గారు ఆపరేషన్లలో మునిగి ఉండేవారు. ఆఫీసు వ్యవహారమంతా ఆయన బావమరిది ప్రసాద్ చూసేవాడు. కొత్తగా చేరిన నర్సు దగ్గర ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టడం, తేదీ వెయ్యని రాజీనామా ఉత్తరం మీద ముందే సంతకం చేయించడం అక్కడి పద్ధతి. ఉద్యోగంలో చేర్చుకునే కాగితంలో ఆరు నెలల ప్రొబేషన్ అని ఉండేది. అంటే మనిషి పని ఎలా ఉందో చూసుకునే గడువు. ఆరు నెలలు కాగానే ఇంకో ఆరు నెలలు పొడిగించేవారు. ఆ కాగితాలన్నిటికీ నమూనాలు తయారుచేసింది ఎవరనుకున్నారు? నేనే.

నాగమణి అనే స్టాఫ్ నర్సు నాలుగేళ్ళుగా ప్రొబేషన్‌లోనే ఉంది. లేబర్ రూమ్ అంతా ఆమె చేతుల మీదే నడిచేది. ఒక మంగళవారం నేను వెళ్ళేసరికి ప్రసాద్ ఆమె లీవ్ లెటర్ నా ముందు పడేశాడు. ఆమెకు మొదటి కాన్పు, ఏడో నెల.

"చూశారా మూర్తి గారూ? ఆరు నెలలు జీతంతో సెలవు కావాలంట. ప్రొబేషన్‌లో ఉన్న మనిషికి మెటర్నిటీ లీవేంటండీ?"

"ప్రొబేషన్‌తో సంబంధం లేదండీ. కాన్పుకి ముందు ఏడాదిలో ఎనభై రోజులు పనిచేస్తే చాలు, ఇవ్వాల్సిందే. కడుపుతో ఉన్న మనిషిని ఇందుకోసం తీసెయ్యడం కూడా కుదరదు."

"మనమెందుకు తీసేస్తాం? ఆవిడే మానేసింది." బీరువా తెరిచి నాగమణి రాజీనామా ఉత్తరం తీశాడు. పెన్ను నా చేతిలో పెట్టాడు. "నా రాత కోడిగీతలండీ. మీరైతే గుండ్రంగా రాస్తారు. పోయిన నెల ఒకటో తారీఖు వేసెయ్యండి."

వేశాను. డాక్టరు గారి మాట మీద నాకు ఇంకో రెండు ఆసుపత్రులు వచ్చాయి, అవి పోతాయేమోనని భయం. ఛీ, అదీ ఒక భయమేనా! ఇప్పుడు తలుచుకున్నా సిగ్గుతో చచ్చిపోతాను.

వారం తిరక్కముందే నాగమణి నందిగామ వచ్చింది. నా ఆఫీసు జిరాక్స్ షాపు పైన. మెట్లెక్కి ఆయాసపడుతూ కుర్చీలో కూలబడింది.

"సార్, నేను రిజైన్ చేశానంటున్నారండీ. చేరినప్పుడు సంతకం పెట్టమంటే పెట్టా, అందరం పెడతాం కదండీ. సర్టిఫికెట్లు కూడా ఇవ్వట్లేదు, ఇంకోచోట ఎలా చేరతా? మా ఆయన ఆటో అమ్మేసినకాడి నుంచి ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. మీరు చట్టం తెలిసినోళ్ళు, డాక్టరు గారికి ఒక్క మాట చెప్పండి సార్."

ఆ తేదీ నేనే వేశానని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వమని సలహా చెప్పి, మంచినీళ్ళిచ్చి పంపించాను. అదేదో పెద్ద సాయమైనట్టు మనసుకు సర్దిచెప్పుకున్నాను.

విచారణ రోజు ఆసుపత్రి తరఫున ప్రసాద్ పక్కన కూర్చున్నాను. లేబర్ ఆఫీసరు నడివయసు ఆవిడ, తక్కువ మాట్లాడే మనిషి. ఆసుపత్రి కాన్పుల రిజిస్టరు తెప్పించి పేజీలు తిప్పారు.

"రాజీనామా తేదీ తర్వాత కూడా పదకొండు కాన్పుల దగ్గర ఈమె సంతకం ఉంది. మానేసిన మనిషి పురుళ్ళు పోసిందా?"

ప్రసాద్ అందుకున్నాడు. "ఇంకో నర్సు దొరికేదాకా ఉండమన్నామండీ. ఉత్తరం మాత్రం ఆవిడే ఇచ్చింది. డేటు కూడా ఆవిడే వేసింది."

ఆఫీసరు ఒక తెల్లకాగితం నాగమణి ముందుకు జరిపారు. "ఈ తేదీ ఇక్కడ రాయమ్మా. అక్షరం చూస్తా."

పొట్ట బల్లకు అడ్డం వచ్చి నాగమణి పక్కకు ఒరిగింది. వేళ్ళు వాచి పెన్ను సరిగ్గా పట్టుబడలేదు. తప్పు నాది, పరీక్ష ఆమెకు. ఇంక నా వల్ల కాలేదు.

"ఆమె రాయక్కర్లేదు మేడమ్. ఆ అక్షరం నాది."

ప్రసాద్ బల్ల కింద నా కాలు తొక్కాడు. నేను ఆగలేదు. బీరువా సంగతి, నమూనాల సంగతి, పెన్ను ఎవరిచ్చారో అన్నీ చెప్పాను. ఆఫీసరు అంతా రాసుకుని నా చేత సంతకం పెట్టించారు.

రాజీనామా చెల్లదని తేలింది. ఇరవై ఆరు వారాల సెలవు జీతంతో సహా ఇచ్చారు. నాగమణి ఒక్కదానివే కాదు, అందరి సర్టిఫికెట్లూ బీరువాలోంచి బయటికొచ్చాయి. నాకు ఆ పార్టీ, దాంతోపాటు మిగతా రెండూ పోయాయి. పోతే పోనీ, అదేం త్యాగం కాదు.

ఉత్తర్వు చేతికొచ్చిన రోజు లేబర్ ఆఫీసు వరండాలో నాగమణి దగ్గరికి వెళ్ళాను.

"తప్పు చేశానమ్మా," అన్నాను.

ఆమె కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది. "చివరికి నిజం చెప్పారు సార్, మర్చిపోను. కానీ మీ ఆఫీసుకి వచ్చిన రోజే చెప్పుంటే? అప్పట్నుంచీ నిద్ర లేదండీ. కడుపులో బిడ్డ కదలట్లేదని రెండుసార్లు స్కానింగ్‌కి పరిగెత్తా."

తర్వాత ఆమెకు ఆడపిల్ల పుట్టిందని, తల్లీబిడ్డా క్షేమమని తెలిసి గుండెల మీంచి బరువు దిగింది. అయినా ఆ ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

ఈ కేసు నాకు కొత్త చట్టమేమీ నేర్పలేదు. ఎనభై రోజుల సంగతి ఆ రోజే తెలుసు, నోటితో చెప్పాను కూడా. చెప్పిన నిమిషానికే చెయ్యి ఇంకో పని చేసింది. ఇప్పుడు కొత్త పార్టీ ఎవరొచ్చినా ముందు బీరువా తెరిచి చూపించమంటాను. కొందరు లేచి వెళ్ళిపోతారు. బ్యాంకులో ఎవరైనా ఫారం నింపిపెట్టమంటే కాదనకుండా నింపుతాను. తేదీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెన్ను వాళ్ళ చేతికే ఇచ్చేస్తాను.