అరగని చోటి కొలత

నేను మొదటిసారి గీసిన డ్రాయింగు మా నాయన తోటలోని పంపుకు సంబంధించినది. దాన్ని ఎంత శ్రద్ధగా గీశానో అంత తప్పుగా గీశాను.

కోయంబత్తూరులో పంపుల విడిభాగాలు చేసే ఒక చిన్న వర్క్‌షాపులో పదకొండేళ్ళు డెలివరీ చలాన్లు రాశాను. ఏ పెట్టె ఏ లారీ ఎక్కిందో నన్నడిగితే చెప్పేదాన్ని. పెట్టెలో ఉన్న వస్తువు ఎందుకు పనికొస్తుందో మాత్రం నాకు తెలియదు. డ్రాయింగులు గీసే పెద్దాయన కళ్ళు సహకరించక పని మానుకుంటానన్నప్పుడు, మా ముదలాళి (యజమానిని ఇక్కడ అందరం అలాగే పిలుస్తాం) బయటి నుంచి మనిషిని తెచ్చుకోకుండా నన్ను అడిగారు. నీ చేతిరాత పొందిగ్గా ఉంటుంది, నేర్చుకుంటావా అన్నారు. చేతిరాతకూ దీనికీ ఏం సంబంధమో ఆయనకే తెలియాలి. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. మా ఇంట్లో ఎవరూ నమ్మరని తెలిసి మరీ సరేనన్నాను. నా మొండితనం అలాంటిది.

పెద్దాయన మూడు నెలలు నేర్పారు. కంప్యూటరు ముట్టనివ్వలేదు, ముందు పెన్సిలే అన్నారు. ఒకే వస్తువును ఎదురుగా, పక్కనుంచి, పైనుంచి చూసి మూడు బొమ్మలు వేయాలి. పైనుంచి కనిపించేది కాగితం మీద కిందికి వస్తుంది. ఇదేం తలకిందుల లెక్క అని వారం రోజులు ఆయనతో వాదించాను. ఆయన ఓపిగ్గా విని, వాదించు, కానీ కిందే వెయ్యి అన్నారు. లోపలి భాగం కనిపించేలా కోసి చూపించడం మాత్రం చప్పున పట్టుబడింది. అరటి దూటను అడ్డంగా కోస్తే చక్రాలు, నిలువుగా కోస్తే పొరలు. కారమడై పక్కన అరటి తోటలో పుట్టినదానికి అది ఎవరూ నేర్పనక్కరలేదు.

పెద్దాయన వెళ్ళిపోయిన నెలకే నాయన ఫోను చేశాడు. బావి మీది పంపుకు గ్లాండు పగిలిందట. మోటారు తిప్పే ఇనప కడ్డీ షాఫ్టు. దాని చుట్టూ చుట్టిన తాడును నొక్కిపట్టి నీళ్ళు కారకుండా చూసే ఇనప బిళ్ళ అది. కోలగా ఉంటుంది, నడుమ షాఫ్టు దూరే రంధ్రం, రెండు చెవులకు రెండు బోల్టులు. చుక్క చుక్క కారుతోందని నాయన బోల్టులు బిగించీ బిగించీ దాన్ని రెండు ముక్కలు చేశాడు. ఆ రకం పంపు చేయడం ఎప్పుడో మానేశారు, ఆ బిళ్ళ ఏ కొట్లోనూ దొరకదు. పాతదాన్ని తీసిపారేసి కొత్త పంపు బిగించుకోమని మెకానిక్కు చెప్పి వెళ్ళాడట. అరటి గెలలు వేసి ఉంది. పక్క తోటాయన వారం రోజులు మాత్రం తన నీళ్ళు మళ్ళిస్తానన్నాడు. ముప్పై ఏళ్ళు నీళ్ళిచ్చినదాన్ని ఒక బిళ్ళ కోసం పాత ఇనుముకు వేయాలా అని నాయన బాధ. ఆ పంపును ఆయన ఎంత చూసుకున్నాడో మా అమ్మకు తెలుసు. మమ్మల్ని కూడా అంతలా చూసుకోలేదని అప్పుడప్పుడూ దెప్పుతుంది.

ముక్కలు పంపించు, నేనే గీసి చేయిస్తానని చెప్పాను.

"నువ్వే గీస్తావా?" అన్నాడు నాయన.

ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు. అయినా నాకు రోషం వచ్చింది. వారంలో బిగించి చూపిస్తానన్నాను.

మర్నాడే ముక్కలు వచ్చాయి. బల్ల మీద రెండూ కలిపిపెట్టి, వెర్నియరుతో కొలిచి, రెండు రోజులు కూర్చుని గీశాను. నడిమి రంధ్రం గుండ్రంగా లేదు. ఒకవైపు నలభై నాలుగు మిల్లీమీటర్లు, ఇంకోవైపు నలభై రెండు. చేసినవాళ్ళు ఏదో ఆలోచించే కోలగా పెట్టి ఉంటారనుకుని, కోలగానే గీసి రెండు కొలతలూ వేశాను. బిళ్ళ మందం పద్నాలుగు. మూడు బొమ్మలూ వాటి వాటి చోట్ల వేశాను, పైనుంచి చూసినది బుద్ధిగా కిందే. కోసిన భాగానికి ఏటవాలు గీతలు వేశాను. కింది మూల గడిలో గీసినవారు అన్నచోట నా సంతకం పెట్టి, సరిచూసినవారు అన్న గడి ఖాళీగా వదిలాను. కాకి పిల్ల కాకికి ముద్దు. ఆ కాగితాన్ని ఎన్నిసార్లు తీసి చూసుకున్నానో నాకే సిగ్గు.

దాన్ని మా వర్క్‌షాపులో లేతు మీద పనిచేసే, అందరం మామ అని పిలిచే ఆయన దగ్గరకు తీసుకుపోయాను. ఆయన చిన్నప్పుడే మదురై పక్క వాడిపట్టి నుంచి వచ్చినవాడు. ఆయన తెలుగును మేము, మా తెలుగును ఆయన వెక్కిరించుకుంటూ ఇన్నేళ్ళు గడిపాం. ఆయన కాగితం చూశాడు, పగిలిన ముక్కలు చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. మామ నవ్వితే భుజాలే కదులుతాయి, చప్పుడు రాదు. భుజాలు కదిలాయి. నడిమి రంధ్రం మీద వేలు పెట్టాడు.

"అమ్మిణీ, ఈ ఓట్టై కోలగా ఎవురూ పెట్టలేదు. షాఫ్టు రాసీ రాసీ తేంజి పోయిండాది. నువ్వు అరిగిందాన్ని అరిగినట్లే గీసినావు. చేసిననాడు ఎట్ల ఉండిందో అది గియ్యల్ల."

నాకు ముఖం మండింది. ఉన్నదాన్ని ఉన్నట్టు గీయడమే కదా నా పని అన్నాను. ఆయన బిళ్ళను తిప్పి పై ముఖం చూపించాడు. పసుపు, గంధం, కుంకుమ, నూనె, వాటి మీద నీలం రంగు, మళ్ళీ గంధం. ముప్పై ఆయుధపూజలు అక్కడ అట్టగట్టి ఉన్నాయి. మా ఇళ్ళలో ఆ రోజు కత్తి, కొడవలి, పంపు, పుస్తకం దేనికైనా బొట్టు పడాల్సిందే. దాన్ని గీకకుండా మందం ఎట్లా కొలిచినావని మామ అడిగాడు.

గీకుదామనే కూర్చున్నాను. గోరు ఆనించాను కూడా. నాయన పెట్టిన బొట్టు గీకడానికి చెయ్యి రాలేదు. ఆ మాటే చెప్పాను. మామ ఈసారి నవ్వలేదు. రెండు ముక్కలనూ కళ్ళకద్దుకుని కిరసనాయిలు డబ్బాలో వేశాడు. సాయంత్రానికి అట్ట దానంతట అదే వదిలింది. కింద ఇనుము పన్నెండు మిల్లీమీటర్లే ఉంది. నా డ్రాయింగు ప్రకారం చేసి ఉంటే రంధ్రం వదులు, బిళ్ళ మందం, బోల్టుకు మర సరిగ్గా అందదు. అలకగానే పండగ కాదని మా అమ్మ ఊరికే అనలేదు.

బయటి నుంచి మనిషిని తెచ్చుకోమని ముదలాళికి చెప్పేద్దామా అనిపించింది. నిజంగా ఏడుపొచ్చింది. నాయన అడిగిన ఆ ఒక్క ప్రశ్న చెవిలో తిరుగుతోంది. మామ చెయ్యి తుడుచుకుంటూ, అరగని చోట వెతికి కొలువు అన్నాడు. బిళ్ళ అరిగింది గానీ, షాఫ్టులో తాడు తగలని చోటు ఎక్కడో ఉంటుంది. నీళ్ళు, ఇసుక చేరని చోట ఇనుము అబద్ధం చెప్పదన్నాడు. వేలి గోటితో తడిమి, అరుగుదల ఆగిపోయే మెట్టు ఎక్కడ తగులుతుందో పట్టుకోమన్నాడు.

అప్పటికి నాలుగు రోజులు అయిపోయాయి. మర్నాడు వెర్నియరు సంచిలో పెట్టుకుని తోటకు పోవడానికి మేట్టుపాళయం బస్సెక్కాను.

నాయన నన్ను చూసి బిళ్ళ ఏది అనలేదు. కొలవాలని చెబితే పంపుషెడ్డులో సిమెంటు సంచి పరిచాడు. దాని మీద బోర్లా పడుకుని షాఫ్టును గోటితో తడిమాను. తాడు రాసుకున్నంత మేరా పల్లం. మోటారు వైపు వేలెడు దూరంలో చిన్న మెట్టు తగిలింది, దాని అవతల నున్నగా ఉంది. అక్కడ కొలిస్తే సరిగ్గా నలభై. నాయన టార్చి పట్టుకున్నాడు. నేను చెప్పిన ప్రతి కొలతనూ తమిళంలో తిరిగి చెప్పి, గోడ మీద బొగ్గుతో రాశాడు. బోల్టుల ఎడం తొంభై అని రాసి, అది తనే కొలుస్తానని వెర్నియరు అడిగి తీసుకున్నాడు. ఆయనకూ తొంభయ్యే వచ్చింది. ఇద్దరం చాలా సంతోషించాం.

షాఫ్టు నలభై కాబట్టి రంధ్రం నలభై ఒకటి. అంతకు తక్కువైతే రాసుకుంటుంది, ఎక్కువైతే తాడు బయటికొస్తుంది. ఆ రాత్రి కాదు, మర్నాడు పొద్దున వర్క్‌షాపుకు వచ్చి వెలుతురులో కొత్త కాగితం మీద గీశాను. మొదటి బొమ్మకు రెండు రోజులు పట్టింది, దీనికి రెండు గంటలు. ఒక్క బిళ్ళకు పోత పోయించడం ఎందుకని మామ పాత ఇనప దిమ్మ ఒకటి వెతికి, లేతు మీద తిప్పి బిళ్ళ చేశాడు. సరిచూసినవారి గడిలో సంతకం చేయమంటే చేయలేదు. "పంపు ఓడనీ. అప్పుడు పెడతాను" అన్నాడు. ఓడడమంటే ఆయన తెలుగులో నడవడం.

ఏడో రోజు బిళ్ళా కాగితమూ రెండూ తీసుకుని తోటకు పోయాను. నాయన తెలుగు మాట్లాడగలడు, చదవలేడు. తమిళమైతే అక్షరం అక్షరం కూడబలుక్కుంటాడు. కాగితాన్ని మాత్రం నిదానంగా చూశాడు. ఉన్నంత సైజులోనే గీశానని చెబితే, బిళ్ళను తెచ్చి బొమ్మ మీద పెట్టాడు. అంచు గీత మీద అంచు కూర్చుంది. తల ఎత్తకుండానే ఊపాడు. ఆ గడులేమిటని అడిగితే, ఇది గీసినవాళ్ళది, ఇది సరిచూసినవాళ్ళది అని చెప్పాను.

బిళ్ళ షాఫ్టు మీదికి చేత్తో తోస్తే పోయింది. ఈసారి బోల్టులు నేనే బిగించాను, నాయనను ముట్టనివ్వలేదు. మోటారు వేశాం. గ్లాండు దగ్గర చుక్క పడింది, ఆగి ఇంకో చుక్క పడింది. తాడు మాడకుండా అంతమాత్రం పడాలి. కాలువలో నీళ్ళు అరటి వైపు తిరిగాయి. నాకు కళ్ళు తడిశాయి, దాచుకోలేదు.

అమ్మ కుంకుమ భరిణ తెచ్చింది. నాయన వేలు ముంచి, బిళ్ళ దగ్గర ఆగాడు.

"పెట్టచ్చునా? నీ కొలతకు ఇడింజలు లేదే?"

"అడ్డమేమీ కాదు, పెట్టు నాయనా" అన్నాను.

బిళ్ళకు పెట్టాడు. వేలికి ఇంకా కుంకుమ ఉంది. అటూ ఇటూ చూసి, సంచి మీద ఉన్న కాగితం దగ్గరకు పోయి, ఖాళీగా ఉన్న ఆ గడిలో వేలు ఒత్తాడు. సరిచూసింది నేనే కదా అన్నాడు.

మరుసటి రోజు మామ చేతులు కడుక్కుని, పెన్ను తీసుకుని నా బల్ల దగ్గరకు వచ్చాడు. గడి చూశాడు. పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకుని, లేతు దగ్గరకు వెళ్ళిపోయాడు.