గురువారం కుంటే గుర్రం

నేను ఉయ్యూరు పశువుల ఆసుపత్రికి బదిలీ మీద వచ్చింది ఒక జూన్ మొదటి వారంలో. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరు పొడుగే గానీ మా శాఖలో డాక్టరుకు అదే మొదటి మెట్టు. పదిహేనేళ్ళుగా నేనా మెట్టు మీదే ఉన్నాను. నెల తిరక్కుండానే ప్రతి బుధవారం చల్లపల్లి వైపు మరో డిస్పెన్సరీ అదనపు బాధ్యతగా మీద పడింది. కాపురం విజయవాడలో, బెంజ్ సర్కిల్ దగ్గర. మావారి ఉద్యోగం కర్నూలులో. తొమ్మిదో తరగతి హారిక, ఆరో తరగతి కిరణ్ నా దగ్గరే ఉండేవారు.

ఇవి చాలవన్నట్టు నాకో గుర్రం. ఒక రైతు ముచ్చటపడి కొని, ముచ్చట తీరాక నాకు అప్పగించిన ఆడగుర్రం, పేరు సివంగి. బందరు రోడ్డు పక్కన ఒక రైడింగ్ మైదానంలో ఉండేది. స్వారీ మానుకోమని చెప్పనివారు లేరు, నేనూ వినలేదు. ఉదయం ఐదున్నరకు మైదానం, ఏడింటికి పిల్లల క్యారేజీలు, తొమ్మిదింటికి ఆసుపత్రి. చాలాకాలం ఖాళీగా ఉన్న గుర్రాన్ని ఒక్కసారిగా పరిగెత్తించకూడదు. కొన్ని వారాలు నడక, తర్వాత ట్రాట్ అనే తేలికపాటి పరుగు, ఆ తర్వాతే దౌడు. దీన్నే కండిషనింగ్ అంటారు.

ఆ కండిషనింగ్ ఆరో వారం, గురువారం నాడు, పది నిమిషాల ట్రాట్ కాగానే సివంగి వెనక కాళ్ళు బిగదీసుకుని నిలబడిపోయింది. ఒళ్ళంతా చెమట. శుక్రవారానికి సర్దుకుంది. మరుసటి గురువారం మళ్ళీ అదే. ఆ పై గురువారమూ అంతే. నాకేమీ అర్థం కాలేదు. గిట్టలు పరీక్షించాను, లాడాలు తీయించి మళ్ళీ కొట్టించాను, జీను మార్చాను. ఇలా బిగుసుకుపోయే జబ్బు ఒకటి మా పుస్తకాల్లో ఉంది. ఆదివారం సెలవు అనుభవించిన బండిగుర్రాలకు మర్నాడు వచ్చేదట, అందుకే సోమవారం జబ్బు అన్నారు. సివంగికి సోమవారం ఏ రోగమూ లేదు. కాబట్టి అది కాదని మొదటే కొట్టిపారేశాను.

మైదానం యజమాని విసిగిపోయాడు. "ఇంక దీనితో అవదండీ. పెళ్ళి ఊరేగింపులకి గుర్రాలు తిప్పే ఆయన అడుగుతున్నాడు. శనివారం వస్తానన్నాడు, ఇచ్చేయండి," అన్నాడు. కుంటే గుర్రాన్ని తారురోడ్డు మీదికి, బాణసంచా మధ్యకి పంపితే ఎన్నాళ్ళుంటుందో నాకు తెలుసు. ఉంచుకుని ఏం చేయాలో మాత్రం తెలియదు. సరేననలేదు, కాదనలేదు. ఆ అయోమయంలో ఒకరోజు గేదెకు రాసే చీటీలో గుర్రం మోతాదు రాసి చించేశాను.

నాలుగో గురువారం కూడా గుర్రం నిలబడిపోతే, తల పట్టుకుని ఇంటికొచ్చాను. కిరణ్ కడుపు బరువు, బడికి వెళ్ళనంటూ పడుకునే ఉన్నాడు. ఏం తిన్నాడని హారికను అడిగాను.

"బుధవారం నువ్వుండవుగా అమ్మా, బిర్యానీ తెప్పించుకోమని నువ్వే చెప్తావు. నా వాటా కూడా వాడే తినేశాడు," అంది.

గుర్రాన్ని చూసుకునే మస్తాన్ గారికి వెంటనే ఫోన్ చేశాను. బుధవారం సివంగికి ఏం పెడుతున్నారని అడిగితే ఆయన ఆశ్చర్యపోయారు.

"మీరు చెప్పిందే కదా డాక్టరమ్మా. మీరు చల్లపల్లి వెళ్ళి ఇటు రాని రోజు అది దిగులు పెట్టుకుంటుందని, ఇంకో రెండు డబ్బాలు ఉలవలు ఎక్కువెయ్యమన్నారు. వేసి, కట్టేసే ఉంచుతున్నాను."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. పని లేని రోజు దాణా దండిగా పడితే, మర్నాడు పరుగు మొదలెట్టగానే కండరాలు దెబ్బతిని బిగుసుకుంటాయి. ఆ బండిగుర్రాల సెలవు ఆదివారం, సివంగి సెలవు బుధవారం. పేరులో వారం చూసి రోగాన్ని వదిలేశాను. సిగ్గేసింది. తప్పు నాదేనని మస్తాన్ గారికి చెప్పాను. బుధవారాలు ఉలవలు సగానికి తగ్గించి గడ్డి ఎక్కువ వేయమని, పగ్గం పట్టుకుని అరగంట నడిపించమని అన్నాను.

శనివారం వచ్చినాయన్ను తిప్పి పంపేశాను. రెండు వారాల విశ్రాంతి తర్వాత నడకతో మొదలుపెట్టి, నెల దాటాక ఒక గురువారం సివంగి ట్రాట్ పూర్తిచేసింది. ఇంట్లో బుధవారాలు పప్పన్నమే అయింది. హారిక రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

జబ్బు పశువును తెచ్చిన ఏ రైతునైనా మేము మొదట అడిగేది, నిన్న ఏం పెట్టారని. సివంగి విషయంలో ఆ ప్రశ్న నాలుగు వారాలు నా నోట రాలేదు. పెట్టమన్నది నేనే కాబట్టి.